లాకౌట్‌లో రెఫరీ డ్యూటీ దొరుకుతుందట, ఆ డబ్బు నమ్ముకుని ప్లాటు కొనొచ్చా?

ప్రశ్న: సర్, మేం డాలస్ దగ్గర ఉంటాం, ఇద్దరం సిటిజన్లమే. నాకు 41. ఐటీ ఉద్యోగంలో ఏడాదికి 1,28,000 డాలర్లు వస్తాయి, మా ఆవిడ పార్ట్‌టైమ్‌లో ఇంకో 30,000 తెస్తుంది. మా అబ్బాయి సాకర్ కోసం గ్రౌండ్‌కి తిరుగుతూ తిరుగుతూ నేనూ రెఫరీ లైసెన్స్ తీసుకున్నాను. ఇప్పుడు చిన్న కాలేజీల మ్యాచ్‌లు, వీకెండ్ టోర్నమెంట్లు కలిపి ఏటా 9,000 దాకా వస్తోంది. ఈమధ్య ఒక ప్రొఫెషనల్ లీగ్ తరఫున ఫోన్ చేశారు. వాళ్ల రెఫరీల యూనియన్‌తో ఒప్పందం గడువు అయిపోవస్తోందట, చర్చలు తెగకపోతే లాకౌట్ పెడతారట, అప్పుడు మ్యాచ్‌కి 1,500 డాలర్లు, ప్రయాణం ఖర్చు వాళ్లదే, వస్తారా అని అడిగారు. పది మ్యాచ్‌లకు తక్కువ ఉండవన్నారు. ఆ 15,000 వస్తుంది కదా అని షాద్‌నగర్ దగ్గర ప్లాటుకు టోకెన్ ఇచ్చేశాను. మూడు నెలల్లో మిగతా అడ్వాన్స్ కట్టాలి. ఇది మంచి అవకాశమేనా?

జవాబు: టోకెన్ సంగతి చివర్లో చిన్నగా రాశారు గానీ, నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్దగా కనపడింది అదే. ఇంకా పెట్టని లాకౌట్‌లో, ఇంకా ఇవ్వని మ్యాచ్‌లకు, ఇంకా రాని డబ్బుతో మీరు ప్లాటు కొంటున్నారు. లీగ్ పేరు మీరు రాశారు, నేను తీసేశాను. మీ పేరు కూడా.

లాకౌట్ అనే మాట మనకు కొత్త కాదు. చిట్టివలస జూట్ మిల్లు గేటుకు తాళం పడినప్పుడు ఆ ఊళ్లో బతికినవాళ్లను అడిగితే చెప్తారు. సమ్మె అయితే పనివాళ్లు రామంటారు, లాకౌట్ అయితే యజమానే రావద్దంటాడు. ఈ తేడా మీ జేబుకు నేరుగా సంబంధించింది. అమెరికా కార్మిక చట్టం ప్రకారం జీతాల కోసం సమ్మె చేసినవాళ్ల స్థానంలో కంపెనీ కొత్తవాళ్లను పర్మనెంట్‌గా పెట్టుకోవచ్చు. లాకౌట్ చేస్తే మాత్రం తాత్కాలికంగానే పెట్టుకోవాలి. అంటే మీకు వచ్చిన ఆఫర్ ఎంత బాగా ఆడినా, అదే, ఎంత బాగా విజిల్ ఊదినా, పైమెట్టు ఎక్కించే ఆఫర్ కాదు. వరదప్పుడు పడవ నడిపేవాడికి నాలుగు డబ్బులు వచ్చినట్టు మీకూ వస్తాయి, నీళ్లు తీయగానే జనం మళ్లీ బస్సెక్కేస్తారు. పైగా ఈ వరద ఎప్పుడు తీయాలో తేల్చేది లీగూ యూనియనూ, వాళ్లిద్దరికీ అది తొందరగా తీయాలనే ఉంటుంది.

ఇప్పుడు పది మ్యాచ్‌ల మాట చూద్దాం. ఫోన్ చేసినాయన అబద్ధం చెప్పాడని నేననను, ఆయనకూ తెలియదు. కానీ పాత లెక్కలు ఉన్నాయి కదా. మీ ఆటలోనే, అమెరికా సాకర్ లీగ్ ఎంఎల్‌ఎస్ రెఫరీలకు 2014లో లాకౌట్ పెడితే సీజన్ మొదటి రెండు వారాలతో సరి. 2024లో ఇంకా గట్టిగా తగులుకున్నారు, నాయకులు తెచ్చిన ముసాయిదా ఒప్పందాన్ని రెఫరీలు 95 శాతం పైగా ఓట్లతో తిప్పికొట్టారు, ఫిబ్రవరిలో మెస్సీ జట్టు ఆడిన మొదటి మ్యాచ్ నుంచే బదులు రెఫరీలు దిగారు, అంత పంతం పట్టినా మార్చి నెలాఖరుకు రాజీ అయిపోయింది. సుమారు ఐదు వారాలు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ చూస్తే 2001లో సీజన్‌లో ఒక్క వారం, 2012లో మూడు వారాలు. వారానికో మ్యాచ్ లెక్కన 2012లో ఒక బదులు రెఫరీకి సీజన్‌లో దొరికింది మహా అయితే మూడు. సీజన్ ముందు జరిగే ప్రాక్టీస్ మ్యాచ్‌లు వేరే.

కాబట్టి మీ లెక్కలో పది కొట్టేసి మూడు రాసుకోండి. 4,500 డాలర్లు. లాకౌట్ అసలు పెట్టకపోతే సున్నా, ఆ సున్నాకి కూడా మంచి అవకాశమే ఉంది, ఎందుకంటే ఇలా ముందే బదులు మనుషుల్ని వెతకడం బేరంలో భాగం. ‘మీరు లేకపోయినా ఆట ఆగదు’ అని యూనియన్‌కి వినపడేలా చెప్పడం కోసమే చాలా ఫోన్లు వెళ్తాయి. మీ పేరు ఆ జాబితాలో ఉండటమే వాళ్లకు పనికొస్తుంది, మిమ్మల్ని ఒక్కరోజు కూడా దింపక్కర్లేదు.

ఆ 4,500 కూడా చేతికి మొత్తం రాదు. కాలేజీ మ్యాచ్‌ల డబ్బు మీకు 1099 మీద, అంటే ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టర్‌గా, వస్తుంది కాబట్టి ఇదీ అలాగే వస్తుందనుకుంటున్నాను, ఒకసారి అడిగి తేల్చుకోండి. 1099 అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల్లో ఉద్యోగి వాటా, యజమాని వాటా రెండూ మీరే కట్టాలి, అది 15.3 శాతం. దాని మీద మీ ఇద్దరి ఆదాయం కలిపితే పడే 22 శాతం ఫెడరల్ టాక్స్. చిన్నా చితకా మినహాయింపులు తీసేశాక కూడా మూడో వంతుకు దగ్గరగా పోతుంది. టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి రాష్ట్రం టాక్స్ లేదు, అదొక్కటి అదృష్టం. అయితే ఆటగాళ్లకు వేసినట్టే వేరే రాష్ట్రంలో మ్యాచ్ చేసి సంపాదించిన దాని మీద ఆ రాష్ట్రం టాక్స్ అడగొచ్చు, ఆ ఊళ్లో ఒక్కరోజే ఉన్నా సరే. మొత్తమ్మీద చేతిలో మిగిలేది 3,000. ప్లాటు అడ్వాన్స్‌కి మీరు చెప్పిన 15,000లో ఐదో వంతు.

దీనికి మీరు ఇచ్చుకునేది ఎంత? ఇది మీరు లెక్కలో వేయలేదు.

మీ మామూలు 9,000 ఎవరి చేతి మీదుగా వస్తోంది? మ్యాచ్‌లు పంచే అసైనర్ల ద్వారా. వాళ్లలో చాలామంది పాత రెఫరీలు, కొందరు ఇప్పటికీ పెద్ద లీగ్‌ల్లో చేస్తున్నవాళ్లో, వాళ్ల స్నేహితులో. 2012లో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పెద్ద కాలేజీల రెఫరీలు ఎందుకు దొరకలేదనుకుంటున్నారు? ఆ కాలేజీ లీగ్‌ల్లో డ్యూటీలు వేసే పెద్దలు చాలామంది ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి వచ్చినవాళ్లే, వెళ్తే మళ్లీ ఇటు రావద్దన్నారు. చివరికి చిన్న కాలేజీల నుంచి, హైస్కూల్ మ్యాచ్‌ల నుంచి మనుషుల్ని తెచ్చుకోవాల్సి వచ్చింది. బేస్‌బాల్‌లో 1979లో అంపైర్లు సమ్మె చేస్తే కింది లీగ్‌ల నుంచి తెచ్చినవాళ్లలో 8 మందిని సమ్మె అయ్యాక కూడా ఉంచేశారు. ఉద్యోగం దొరికింది, నిజమే. కానీ తిరిగొచ్చిన పాత అంపైర్లు వాళ్లను ఏళ్ల తరబడి దగ్గరికి రానివ్వలేదు, పక్కనే నిలబడి మ్యాచ్ చేస్తూ కూడా మాట కలపలేదు.

మీ అసైనర్లు ఏ వైపో నాకు తెలియదు, మీకు తెలుసు. ఒక్కరు ఒక్క సీజన్ మిమ్మల్ని పక్కనపెట్టినా పోయేది, వచ్చే 3,000 కంటే ఎక్కువే.

ఇంకో ఖర్చు డాలర్లలో రాయలేం. 2012 సెప్టెంబర్ 24న సియాటిల్, గ్రీన్ బే మ్యాచ్ ఆఖరి బంతికి ఇద్దరు ఆటగాళ్లు ఒకే బంతిని పట్టుకుని కిందపడ్డారు. ఒక బదులు రెఫరీ టచ్‌డౌన్ (మన సాకర్‌లో గోల్ లాంటిది) అని చేతులెత్తాడు, పక్కనున్న ఇంకో ఆయన ఆట ఆగిందన్నట్టు చేతులూపాడు. ఆ ఒక్క ఫొటో దేశమంతా తిరిగింది. సియాటిల్ 14-12తో గెలిచింది. టచ్‌డౌన్ ఇచ్చినాయన రోజూ చేసేది బ్యాంకు ఉద్యోగం. మీలాంటివాడే, వారాంతాల్లో విజిల్ పట్టుకునే మనిషి. ఆ తర్వాత డిప్రెషన్‌లోకి వెళ్లానని ఆయనే బయటికి చెప్పారు. ఇంకొకాయన ఫేస్‌బుక్‌లో ఒక జట్టు అభిమాని అని బయటపడితే, ఆ జట్టు మ్యాచ్ నుంచి అదే రోజు తప్పించారు. మీ ఫోన్‌లో ఏ జట్టు జెర్సీ వేసుకున్న ఫొటోలు ఉన్నాయో ఒకసారి చూసుకోండి, మీ అబ్బాయితో స్టేడియంలో దిగినవి కూడా.

ఆ రాత్రి జరిగినదాంతో రెండు రోజుల్లో రాజీ కుదిరింది. గ్రీన్ బే ఉన్న విస్కాన్సిన్‌ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల యూనియన్ల నడుం విరిచిన గవర్నర్ స్కాట్ వాకరే అసలు రెఫరీలను తిరిగి తెమ్మని ట్విట్టర్‌లో రాశాడంటే చూడండి. సొంత జట్టు ఓడితే గానీ ఆయనకు యూనియన్ విలువ తెలియలేదు! బుధవారం రాత్రి ఒప్పందం అయింది, గురువారం బాల్టిమోర్‌లో పాత రెఫరీలు గ్రౌండ్‌లోకి వస్తుంటే జనం లేచి చప్పట్లు కొట్టారు. బదులు రెఫరీలకు నోటీసు పీరియడ్ లేదు, ఒక్క రాత్రిలో పని అయిపోయింది. అలాంటి డబ్బు మీద మీరు మూడు నెలల గడువు పెట్టుకున్నారు.

అవతలి వైపు కూడా చూడండి, దాంట్లో మీకు పనికొచ్చేది ఒకటుంది. 2012 గొడవ ఎక్కువగా పెన్షన్ మీద. పాత పద్ధతి పెన్షన్ ఆపేసి 401కె (రిటైర్మెంట్ కోసం డబ్బు జమచేసుకునే ఖాతా) లాంటిది ఇస్తామని లీగ్ పట్టుబట్టింది. చివరికి ఉన్నవాళ్లకు 2016 సీజన్ దాకా పాత పెన్షన్ సాగింది, ఆ తర్వాత అందరికీ 401కె, కొత్తగా చేరేవాళ్లకు మొదటి నుంచే 401కె. సగటు ఆదాయం 2011లో 1,49,000 డాలర్లు ఉంటే 2019కి 2,05,000 అయ్యేలా ఒప్పుకున్నారు. ఏటా వందల కోట్ల డాలర్లు సంపాదించే లీగ్‌ని ఈ మనుషులు ఎలా కూర్చోబెట్టగలిగారంటే, వాళ్లలో లాయర్లున్నారు, టీచర్లున్నారు, వ్యాపారస్తులున్నారు. రెఫరీ పని చాలామందికి రెండో ఆదాయం. మూడు నెలలు జీతం రాకపోయినా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. బేరంలో బలం నాకు తెలిసి అక్కణ్నుంచే వస్తుంది, న్యాయం ఎవరి వైపుందన్నది తర్వాత.

బలం చాలకపోయినా పందెం పెద్దగా వేస్తే ఏమవుతుందో 1999లో బేస్‌బాల్ అంపైర్లు చూశారు. ఒప్పందంలో సమ్మె చేయకూడదని ఉంది. సరే, సమ్మె కాకుండా రాజీనామాలు ఇద్దాం అని యూనియన్ నాయకుడు రిచీ ఫిలిప్స్ ప్లాన్ వేశాడు. జులైలో 57 మంది ఇచ్చారు, సెప్టెంబర్ 2 నుంచి అమల్లోకి వచ్చేలా. లీగ్ బతిమాలుతుందనుకుంటే, ‘సరే, తీసుకున్నాం’ అంది, చిన్న లీగ్‌ల నుంచి 25 మందిని పెట్టేసుకుంది. వెనక్కి తీసుకోవాలని పరుగెత్తిన వాళ్లలో కూడా అందరికీ కుదరలేదు, 22 మంది ఉద్యోగాలు పోయాయి. కొందరికి 2001లో ఆర్బిట్రేషన్‌లో, అంటే మధ్యవర్తి తీర్పుతో, తిరిగి వచ్చాయి. మా దగ్గరికి వచ్చే ఐటీ వాళ్లు కూడా జీతం పెంచకపోతే పేపర్లు వేస్తానని బెదిరిద్దామా అని అడుగుతుంటారు. రెండో ఆఫర్ లెటర్ చేతిలో ఉంటే వేయండి, లేకపోతే ఆ మాటే ఎత్తొద్దు.

ఇక మీరు వెళ్లాలా వద్దా. డబ్బు కోసమైతే వద్దనే నా సలహా. పెద్ద స్టేడియంలో ఒక్కసారి నిలబడాలని కోరిక ఉంటే, అది తప్పని నేననను, 2012లో ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ మ్యాచ్ చేసిన మొదటి మహిళ షానన్ ఈస్టిన్ కూడా బదులు రెఫరీగానే వచ్చారు. కానీ అప్పుడు దాన్ని మీ సరదా ఖాతాలో రాసుకోండి, ప్లాటు ఖాతాలో కాదు. మీ మనసుకు యూనియన్ లైను దాటడం ఎలా ఉంటుందన్నది నేను చెప్పేది కాదు, మీ తోటి రెఫరీ ఒకరితో కూర్చుని మాట్లాడండి.

వెళ్లేట్టయితే కాగితం మీద అడగాల్సినవి ఉన్నాయి. ట్రైనింగ్ రోజులకు డబ్బిస్తారా, మ్యాచ్ ఇచ్చాక రాజీ కుదిరి రద్దయితే ఎంతిస్తారు, గ్రౌండ్‌లో దెబ్బ తగిలితే ఎవరి ఇన్సూరెన్స్. 41 ఏళ్లకు హ్యామ్‌స్ట్రింగ్ పట్టేస్తే మీ ఆఫీస్ ఇన్సూరెన్స్ ప్లాన్ డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలెట్టే ముందు మీరు కట్టుకోవాల్సింది) ఒక్కటే మీ మూడు మ్యాచ్‌ల డబ్బు మింగేస్తుంది. ఆఫీస్‌లో బయటి పనికి అనుమతి తీసుకోవాలనే షరతు ఉందేమో కూడా చూసుకోండి, టీవీలో కనపడ్డాక చెప్పుకోవడం బాగోదు. వచ్చిన ప్రతి చెక్కులో మూడో వంతు వేరే సేవింగ్స్ ఖాతాలో పడేయండి, టాక్స్ కోసం.

ఇది చదివి, ‘మేమూ వీకెండ్ రెఫరీ చేస్తే పోలా’ అనుకునే హెచ్-1బి వర్క్ వీసా వాళ్లకు ఒక మాట. మీ వీసా స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప డబ్బు తీసుకునే ఇంకే పనీ చేయకూడదు, పిల్లల మ్యాచ్‌కి ఇచ్చే 40 డాలర్లయినా సరే. వాళ్ల జీవిత భాగస్వామికి హెచ్-4 వీసా మీద ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) ఉంటే చేయొచ్చు.

చివరగా ఆ ప్లాటు. మీ మామూలు పొదుపులోంచి మూడు నెలల్లో అడ్వాన్స్ కట్టగలిగితే కట్టండి, రెఫరీ డబ్బు రానట్టే అనుకుని. అత్యవసరానికి దాచిన డబ్బు మాత్రం ముట్టుకోవద్దు. కట్టలేకపోతే ఇప్పుడే అమ్మేవాళ్లకు ఫోన్ చేసి ఆరు నెలల గడువు అడగండి, గడువు ముంచుకొచ్చాక అడిగితే టోకెన్ వదులుకోమంటారు. రసీదు మీద తిరిగి ఇస్తామని ఉందో, ఇవ్వమని ఉందో, అసలు ఏమీ రాయలేదో చూసి నాకు మళ్లీ రాయండి. వాట్సాప్‌లో ‘టోకెన్ అందింది’ అన్న మెసేజ్ తప్ప ఇంకేం లేదంటే, అది వేరే కథ, అప్పుడు ముందు ఊళ్లో ఉన్న మీ వాళ్లెవరినైనా పంపి లింక్ డాక్యుమెంట్లు చూపించమనండి.