సమాధానం: చెల్లాచెదురైన వైద్య పాఠ్య రచనలు ఒకచోటికి తేవడం

పెన్‌డ్రైవ్‌లో ఎంసీక్యూలు, మెయిల్లో సగం రాసిన సమీక్షా వ్యాసం, గూగుల్ డాక్స్‌లో కేస్ రిపోర్టు (ఒక రోగి కేసు గురించిన వ్యాసం), ఏది తాజాదో తెలియట్లేదు అన్నారు కదండీ. ఫైళ్లు కదపకముందే ఒక షీటు తెరవండి, ఒక్కో రచనకు ఒక్కో వరుస: పేరు, ఎవరి కోసం (ఎంబీబీఎస్సా, పీజీలా), సహరచయితలు, ఎవరి దగ్గర ఆగింది, గడువు. సగం చిక్కు అక్కడే వీడుతుంది.

ఆపై రచనకో ఫోల్డరు. ఫైలు పేరు 2025-03-14 లాగా సంవత్సరంతో మొదలుపెడితే అవే వరుసలో పడతాయి. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ మాత్రం వద్దు!

అసలు తంటా రిఫరెన్సులది. అన్నీ ఒకే జొటేరో (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) లైబ్రరీలోకి తెండి. ఒకే వ్యాసం రెండుసార్లు కనిపిస్తే ఒకదాన్ని డిలీట్ చేయకండి, రెంటినీ మెర్జ్ చేయండి, అంటే ఒకటిగా కలపండి. డిలీట్ చేస్తే వర్డ్ ఫైల్లో దాన్ని ఉదహరించిన చోటుకు (సైటేషన్‌కు) లైబ్రరీతో లింకు తెగి, తర్వాతి దిద్దుబాట్లు అందులోకి రావు. జొటేరో డేటా ఫోల్డరును గూగుల్ డ్రైవ్‌లో పెట్టినా డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంది. జొటేరో సొంత సింకే వాడండి. అందులో ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ చోటు పీడీఎఫ్‌ల వంటి ఫైళ్లకే, రిఫరెన్సుల వివరాలు అందులో లెక్కకు రావు.

కేస్ రిపోర్టులోని రోగి ఫొటోలు, సమ్మతి పత్రం మాత్రం సహరచయితలతో పంచుకునే ఈ ఫోల్డర్లలో కలపకండి. వాటికి పాస్‌వర్డున్న వేరే చోటు చూడండి.