వేరు అడ్డుకోత ఫొటోల్లో కణాలు కలిసిపోతుంటే: సాఫ్ట్‌వేర్ కంటే ముందు కోత చూడండి

మొక్కజొన్న వేర్లను బ్లేడుతో చేత్తో కోసి, టొలుయిడిన్ బ్లూ రంగు వేసి, 10ఎక్స్ లెన్సు మీద ఫొటో తీసి, ఫొటోల్లో కొలతలు తీసే ఫిజి సాఫ్ట్‌వేర్‌లో పెడితే వల్కలంలో (కార్టెక్స్, అంటే వేరు బయటి పొరకూ మధ్య స్తంభానికీ నడుమ భాగం) రెండు మూడు కణాలు కలిసి ఒకటిగా వస్తున్నాయన్నారు. మీకు కావలసినవి కణాల వైశాల్యం, ఎయిరెంకైమా (వల్కలంలో గాలి నిండిన ఖాళీలు) శాతం, అంత్యదారు నాళాల (మెటాజైలం, నీళ్లు మోసే పెద్ద గొట్టాలు) వ్యాసం. ఇంకే సాఫ్ట్‌వేర్ వాడాలని మీ ప్రశ్న. ఫిజి చాలు. తేడా కోత మందంలో ఉంది, ఆ తర్వాత ఫొటోలో ఉంది.

లెక్క చూడండి. కణకవచం, అంటే కణం గోడ, మందం ఒకటి రెండు మైక్రాన్లు. 200 మైక్రాన్ల మందంగా కోసిన ముక్కలో వేరు 5 డిగ్రీలు వాలి ఉందనుకుంటే, పైనుంచి చూసినప్పుడు ఒక్కో గోడ నీడ సుమారు 17 మైక్రాన్ల వెడల్పున పరుచుకుంటుంది. చిన్న కణాలు దాదాపు మొత్తం ఆ నీడలోనే మునిగిపోతాయి. అదే వాలులో 50 మైక్రాన్ల ముక్క అయితే నీడ 4 మైక్రాన్లకు కాస్త పైనే ఆగుతుంది. ఇలా పరుచుకున్న గోడను ఏ అల్గారిథమ్ కూడా తిరిగి గీతగా మార్చలేదు.

వైబ్రటోమ్ (కంపించే బ్లేడుతో పలుచగా కోసే యంత్రం) దొరికితే, జెల్లీలా గట్టిపడే 4 లేదా 5 శాతం అగరోజ్‌లో వేరును పొదిగి 50 నుంచి 80 మైక్రాన్ల మందంలో కోయండి. 70 శాతం ఇథనాల్‌లో నిల్వ చేసిన వేరును నేరుగా అగరోజ్‌లో పెట్టకూడదు. అరగంట నీళ్లలో ఉంచి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చి, పైతడిని వడపోత కాగితంతో అద్దాలి. ఈ అద్దడం చాలామంది వదిలేస్తారు. తడి ఉంటే అగరోజ్ వేరుకు పట్టదు, బ్లేడు తగలగానే ముక్క గుండ్రంగా ఊడి బయటికొస్తుంది. కరిగించిన అగరోజ్ 50 డిగ్రీలకు చల్లారాక ముందు ఒక పలుచని పొర పోసి గట్టిపడనివ్వండి. దాని మీద వేరును తిన్నగా పడుకోబెట్టి మిగతాది పోయండి. వేరు నేరుగా అడుగుకు దిగిపోకుండా ఈ పొరే ఆపుతుంది. తర్వాత దిమ్మను వేరుకు సరిగ్గా లంబంగా చెక్కి అతికించాలి. బ్లేడు ముందుకు నెమ్మదిగా కదలాలి. వేగం పెంచితే వల్కలం నలిగి చిరుగుతుంది.

వైబ్రటోమ్ లేకపోతే చేతి కోతే గతి, అది తక్కువదేమీ కాదు. కొత్త రెండంచుల బ్లేడు, తడిపిన వేరు, ఒకే లాగుడు. ముందుకూ వెనక్కూ రంపంలా కోయకండి. ఇరవై ముక్కలు నీళ్లలోకి వదిలి, అంచు నుంచి అంచు దాకా ఒకేలా పారదర్శకంగా కనిపించే మూడింటినే తీసుకోండి. ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలుచగా ఉన్నదాన్ని ఎంత అందంగా ఉన్నా పారేయాల్సిందే.

కోసే చోటు కూడా నోట్‌బుక్‌లో ఉండాలి: ఏ కణుపు వేరు, కొన నుంచి ఎన్ని సెంటీమీటర్లు. మొక్కజొన్నలో పెద్ద అంత్యదారు నాళాలు కొనకు చాలా దూరం దాకా పక్వానికి రావు. ఒక మొక్కలో 3 సెం.మీ. దగ్గర, ఇంకో మొక్కలో 15 సెం.మీ. దగ్గర కోసి పోల్చితే మీరు కొలిచేది వయసు తేడానే.

రంగు విషయంలో టొలుయిడిన్ బ్లూ 0.05 శాతం, 30 నుంచి 60 సెకన్లు, రెండుసార్లు నీళ్లలో కడగడం. ఎక్కువైతే కణం లోపలి పదార్థం కూడా ఊదా రంగు పట్టి గోడ విడిగా కనిపించదు. లిగ్నిన్ (గోడను గట్టిపరిచే పదార్థం) ఉన్న గోడలు ఆకుపచ్చ కలిసిన నీలంగా, పెక్టిన్ (గోడల్లోని జిగురు పదార్థం) ఎక్కువున్న పలుచని గోడలు గులాబీ ఊదాగా కనిపిస్తాయి. ఈ రంగుల ఫొటోను అలాగే బూడిద రంగులోకి మార్చకండి. ఇమేజ్ మెనూలో కలర్‌కి వెళ్లి స్ప్లిట్ ఛానెల్స్ చేసి, ఎరుపు, ఆకుపచ్చ ఛానెళ్లు రెండూ చూసి మీ గోడలు ఎక్కువ నల్లగా ఉన్నదాన్ని తీసుకోండి. నీలం గోడలు ప్రధానంగా ఎర్ర కాంతిని, గులాబీ ఊదా గోడలు ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి ఒక్కోటి ఒక్కో ఛానెల్‌లో నల్లగా ఉంటుంది.

ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే కాల్కోఫ్లోర్ వైట్ అనే వెలిగే రంగు వాడండి. సెల్యులోజ్‌కు అంటుకుంటుంది కాబట్టి కణాల గోడలు వెలుగుతాయి. కణాల హద్దులు గీయడానికి ఇంతకంటే మంచి ఫొటో రాదు. అంతశ్చర్మంలో (వల్కలం లోపలి చివరి పొర) నీటిని అడ్డుకునే కాస్పేరియన్ పట్టీలు చూడాలంటే బెర్బెరిన్, ఆ తర్వాత అనిలిన్ బ్లూ. లిగ్నిన్‌ను చూపే ఫ్లోరోగ్లూసినాల్ ఎరుపు త్వరగా వెలిసిపోతుంది, పైగా దానిలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి లెన్సును తినేస్తుంది. కవర్ గ్లాస్ వేసి, వెంటనే ఫొటో తీసి, స్లైడు పక్కకు తీసేయండి.

ఫొటోకి వద్దాం. న్యూమరికల్ అపర్చర్ (లెన్సు ఎంత వెడల్పు కోణంలో కాంతిని పట్టగలదో చెప్పే అంకె) 0.30 ఉన్న 10ఎక్స్ లెన్సు ఆకుపచ్చ కాంతిలో సుమారు 1.1 మైక్రాన్ల దూరాన్ని విడదీయగలదు. దానికి ఒక పిక్సెల్ అర మైక్రాన్ మించకూడదు. 0.10 ఉన్న 4ఎక్స్ లెన్సు 3.4 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది, అంటే పలుచని గోడ దానికి అందదు. వేరు మొత్తం ఒకే ఫ్రేములో పట్టాలని 4ఎక్స్‌కి దిగకండి. 10ఎక్స్‌లోనే 20 శాతం అతివ్యాప్తితో ముక్కలుగా తీసి అతికించండి. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేసి టిఫ్‌లోనే దాచండి. జెపెగ్ చేసే చిన్న చదరపు గళ్లు పలుచని గోడల పక్కన దొంగ గీతలు పుట్టిస్తాయి. స్లైడు లేని ఖాళీ ఫొటో ఒకటి తీసి, ఫిజిలోని కాలిక్యులేటర్ ప్లస్‌లో దానితో భాగిస్తే మూలల్లో చీకటి పోతుంది.

స్కేలు కోసం స్టేజ్ మైక్రోమీటర్ (కొలత గళ్లు చెక్కిన స్లైడు) మీద ఒక్క గడి కాదు, ఫ్రేములో పట్టినన్ని గళ్లు కలిపి గీత గీసి సెట్ స్కేల్‌లో పెట్టండి. పొడవులో 2 శాతం పొరపాటు వైశాల్యంలో 4 శాతం అవుతుంది. ఫొటో సైజు మార్చినా, కెమెరాలో బిన్నింగ్ (పక్కపక్క పిక్సెళ్లను ఒకటిగా కలపడం) మార్చినా పాత స్కేలు చెల్లదు.

ఫిజిలో మార్ఫోలిబ్‌జె ప్లగిన్ వేసుకోండి. ముందు సిగ్మా 1 లేదా 2తో గాసియన్ బ్లర్, అంటే ఫొటోను కాస్త మసకబరచడం. తర్వాత మార్ఫలాజికల్ సెగ్మెంటేషన్ తెరిచి బార్డర్ ఇమేజ్ ఎంచుకోండి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: ఆ ఎంపిక గోడలు తెల్లగా, లోపల నల్లగా ఉన్నాయని అనుకుంటుంది. టొలుయిడిన్ బ్లూ ఫొటోలో అంతా తలకిందులు. ముందు ఇన్వర్ట్ (నలుపు తెలుపులు తారుమారు) చేయకపోతే వచ్చే హద్దులకు అర్థం ఉండదు. కాల్కోఫ్లోర్ ఫొటోకి ఇన్వర్ట్ అక్కర్లేదు. టాలరెన్స్ 10తో మొదలుపెట్టి, ఒక కణం ముక్కలైతే పెంచండి, కణాలు కలిస్తే తగ్గించండి. వల్కలానికి సరిపడే విలువ ప్రసరణ స్తంభానికి (నాళాలుండే మధ్య భాగం) సరిపడదు, రెండిటినీ వేరువేరుగా కత్తిరించి నడపండి. కణాలను తానే గుర్తించే సెల్‌పోజ్ ప్రోగ్రాం వాడినా ఇదే మాట. కణం వ్యాసం అడిగే వెర్షన్లలో ఒకే విలువ ఇస్తే పరిచక్రం (ప్రసరణ స్తంభం అంచు పొర) చిన్న కణాలు కలిసిపోతాయి, లేదా వల్కలం పెద్ద కణాలు చీలిపోతాయి.

కోయకుండానే లోపలి 3డీ చిత్రం తీసే ఎక్స్‌రే మైక్రో సీటీ గురించి కూడా అడిగారు. డిటెక్టర్ అడ్డంగా 2000 పిక్సెళ్లయితే 50 మి.మీ. కుండీలో ఒక్కో వాక్సెల్ (3డీ పిక్సెల్) 25 మైక్రాన్లు. మట్టిలో వేర్ల అమరిక కనిపిస్తుంది, కణాలు కావు. వేరును బయటికి తీసి ఒంటరిగా పెడితే గాలి నిండిన ఎయిరెంకైమా బాగా తెలుస్తుంది కానీ నీళ్లున్న కణానికీ దాని గోడకూ తేడా దాదాపు ఉండదు. లేజర్ అబ్లేషన్ టోమోగ్రఫీలో రంగు అవసరం లేదు, లేజర్ పొరపొరగా కాలుస్తుంటే కెమెరా తీస్తూ పోతుంది. వందల వేర్లుంటే అదే మేలు, మీ మూడు కొలతలకు మాత్రం అనవసరం.

కొలతల్లో రెండు ఉచ్చులు ఉన్నాయి. ఏటవాలు కోతలో గుండ్రని నాళం అండాకారంగా వస్తుంది. 20 డిగ్రీలు వాలితే వైశాల్యం 6 శాతం, 30 డిగ్రీలకు 15 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఫిజిలో ఫిట్ ఎలిప్స్ (కణానికి సరిపడే అండాకారం గీసే ఎంపిక) ఇచ్చే చిన్న అక్షాన్నే వ్యాసంగా తీసుకోండి, వాలు దాన్ని పెద్దగా తాకదు. నీటి ప్రవాహ సామర్థ్యం లెక్కకట్టే ఉద్దేశం ఉంటే ఇది మరీ ముఖ్యం. అది వ్యాసార్ధం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది కాబట్టి వ్యాసంలో 10 శాతం తప్పు అక్కడ 46 శాతం అవుతుంది.

రెండోది, ఎయిరెంకైమా అనుకునే బ్లేడు చిరుగు. అసలు ఖాళీలు ప్రసరణ స్తంభం చుట్టూ చక్రం ఆరాల మధ్య జాగాల్లా ఉంటాయి, అంచుల్లో కుంగిన కణాల గోడలు మిగిలి ఉంటాయి. చిరుగు బ్లేడు వెళ్లిన దిక్కునే సాగుతుంది, గోడలను అడ్డంగా తెంపుతుంది, పక్క ముక్కలో అదే చోట కనిపించదు. అనుమానం వస్తే వరుసగా కోసిన మూడు ముక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. శాతం రాసేటప్పుడు అది వల్కలం వైశాల్యంలోనా, వేరు మొత్తంలోనా చెప్పండి. రెండు అంకెలూ చాలా దూరంగా ఉంటాయి, ఈ మాట రాయకపోతే మీ పట్టికను ఇంకెవరి పట్టికతోనూ పోల్చలేం.