ఇసుక మేటెక్కిన మోటర్ బోటును మళ్ళీ నీళ్ళలోకి దించే ముందు ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: చెన్నై దగ్గరి ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో మీ మోటర్ బోటు ఇసుక మేట మీదకి ఎక్కింది, నలుగురు కలిసి నెట్టి బయటికి తెచ్చారు, లోపలికి నీళ్ళు రాలేదు, ఇంజన్ కూడా స్టార్ట్ అవుతోంది. మరి వచ్చే ఆదివారం తీసుకెళ్ళొచ్చా?

వద్దండి. బోటును పూర్తిగా పైకి తీసి అడుగు చూసే దాకా ఆదివారం సంగతి పక్కన పెట్టండి. ఇంజన్ స్టార్ట్ అయింది కదా, ఏం కాలేదులే అని మేమూ అనుకున్నాం. అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో మూడు వారాల తర్వాత తెలిసింది.

మాదీ అదే బ్యాక్‌వాటర్. నేనూ మా బావా కలిసి సెకండ్ హ్యాండ్‌లో కొన్న 18 అడుగుల ఫైబర్ బోటు, వెనక 40 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజన్. సంక్రాంతి సెలవుల్లో అక్కని, పిల్లలిద్దరినీ ఎక్కించుకుని కోవళం మొగ (బ్యాక్‌వాటర్ సముద్రంలో కలిసే చోటు) దాకా వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం నాలుగున్నర దాటింది. మొగ నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వంతెన వైపు రావడమంటే పడమరకి రావడం. ఎండ సూటిగా కళ్ళలో పడుతోంది, నీళ్ళ మీద మెరుపు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. పైగా ఆటు మొదలై నీళ్ళు తీస్తున్నాయి. నవంబరులో మేం తిరిగిన దారిలోనే వస్తున్నాను కదా అన్న ధైర్యం నాది. అదే తప్పు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి వరద వచ్చి ఆ మొగ తెరుచుకుంటుంది, వానలు తగ్గాక సముద్రం ఇసుకను తోసుకొచ్చి మళ్ళీ మేట వేస్తుంది. నవంబరులో లోతున్న చోట జనవరిలో మోకాలి లోతే ఉండొచ్చు. ఆ రోజు మాకు ఎదురుగా, కాస్త దూరంలో, ఒక కొంగ తీరిగ్గా నిలబడి ఉంది. కొంగ నిలబడిందంటే అక్కడ నీళ్ళు దాని కాళ్ళంత లోతే. చూశాను కానీ బుర్రకెక్కలేదు.

ముందు ఇంజన్ కింద గర్రుమని చప్పుడు, వెంటనే బోటు ఆగిపోయింది. అందరం ముందుకి తూలాం. బావ మోకాలు సీటు అంచుకి కొట్టుకుంది. పిల్లలిద్దరూ లైఫ్ జాకెట్లలో ఉన్నారు. మాది సూళ్ళూరుపేట. 2011 క్రిస్మస్ రోజున పులికాట్‌లో పడవ తిరగబడి 22 మంది చనిపోయిన వార్త విన్నప్పటి నుంచి, జాకెట్ లేకుండా మా ఇంట్లో ఎవరినీ బోటు ఎక్కనివ్వను. మీరూ ఈ ఒక్క విషయంలో ఎవరు నవ్వినా పట్టించుకోకండి.

తర్వాత నేను చేసిన పని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే బోటు ఇరుక్కోగానే అందరూ చేసేది అదే. టెన్షన్‌లో రివర్స్ గేరు వేసి ఇంజన్ గట్టిగా రేజ్ చేశాను. నీళ్ళు బురద రంగులో ఉడికినట్టు పైకి లేచాయి, బోటు అంగుళం కూడా కదల్లేదు. రివర్స్‌లో ప్రొపెల్లర్ నీటిని ముందుకి, అంటే బోటు అడుగుకే తోస్తుంది. ఆ నీటితో పాటు ఇసుకా అక్కడికే చేరుతుంది. ఇంకో సంగతి, ఈ ఇంజన్లు చల్లబడేది మనం తిరిగే నీళ్ళతోనే. కింది భాగంలో ఉన్న జల్లెడ గుండా నీటిని పైకి లాగేది లోపల ఉండే చిన్న రబ్బరు ఇంపెల్లర్. ఇసుక నీళ్ళు లాగితే దాని రెక్కలు అరిగిపోతాయి. రెండు మూడు నిమిషాల్లోనే ఇంజన్ వెనక నుంచి సన్నటి ధారగా పడాల్సిన నీళ్ళు ముందు చుక్కలయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. ఓవర్‌హీట్ బీప్ మోగింది. అప్పుడు కట్టేశాను.

దగ్గర్లో విసురు వలతో చేపలు పడుతున్న ఒక పెద్దాయన మా అవస్థ చూసి నడుచుకుంటూ వచ్చాడు. తమిళంలో రెండే మాటలన్నాడు: ఇంజన్ పైకెత్తు, మనుషుల్ని దించు. దించే ముందు తన చేతిలోని కర్రతో చుట్టూ పొడిచి చూశాడు, ఎందుకంటే మేట అంచు దాటితే ఒక్కసారిగా లోతు, పైగా లాగే నీరు. చెప్పులు విప్పొద్దన్నాడు, అక్కడ ఆల్చిప్పలు బ్లేడుల్లా ఉంటాయి. పిల్లల్ని బోటులోనే ఉంచి పెద్దవాళ్ళం ముగ్గురం దిగాం. ఇంజన్ పైకి తిప్పగానే బోటుకి కావలసిన లోతు సగానికి తగ్గిపోయింది. పక్కలకి ఊపుతూ, వచ్చిన దారినే వెనక్కి నెడితే పది నిమిషాల్లో తేలింది. మొదటే ఈ పని చేసి ఉంటే ఇంజన్ జోలికి పోయే అవసరమే ఉండేది కాదు.

నెట్టే ముందు లోపలికి నీళ్ళు వస్తున్నాయా లేదా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. అడుగున ఉన్న తడిని గుడ్డతో పూర్తిగా తుడిచేసి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ చూడాలి. చిల్లు పడిన బోటు ఇసుక మీద ఉన్నంత సేపు మునగదు. దాన్ని తొందరపడి లోతులోకి లాగితే అక్కడ మునుగుతుంది. కాబట్టి నీరు ఊరుతుంటే ఇసుక మీదే ఉండనిచ్చి, గుడ్డో, నీళ్ళలో కూడా గట్టిపడే ఎపాక్సీ పుట్టీయో కుక్కాకే కదిలించాలి. వేరే బోటుతో లాగించాల్సి వస్తే తాడు సాగే వరుసలో ఎవరినీ నిలబడనివ్వకండి. నైలాన్ తాడు తెగితే కొరడాలా వచ్చి తగులుతుంది. ఎంత నెట్టినా కదలకపోతే లంగరు వేసి పోటు కోసం ఆగడమే మేలు, ఆటుకీ పోటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. క్యాలెండర్‌లో తిథి కూడా చూడండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు బాగా ఎక్కుతుంది, అష్టమి దగ్గర కొద్దిగానే. పౌర్ణమి పోటు మీద మేటెక్కిన బోటుకి మళ్ళీ అంత నీరు రావడానికి రోజులు పట్టొచ్చు. అదే సముద్రం వైపు ఇరుక్కుని అలలు కొడుతుంటే పోటు కోసం చూడకండి, కోస్ట్ గార్డ్ నంబర్ 1554కి ఫోన్ చేయండి.

ఇప్పుడు మీ బోటు. ట్రైలర్ మీదకి ఎక్కించి, మంచి నీళ్ళతో కడిగి, ఆరనివ్వండి. తర్వాత ఒక రూపాయి బిళ్ళతో అడుగంతా కొడుతూ రండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటాం కదా, అలాగే. గట్టిగా ఉన్న చోట టక్ టక్ అంటుంది. లోపల పొరలు విడిపోయిన చోట డబ్ మని బోలుగా వినిపిస్తుంది. మా బోటుకి ముందు భాగం కింద రెండు అడుగుల పొడవున గీతలు పడ్డాయి. అవి పై పూత వరకే, భయం లేదు. కానీ ఆ గీతల చివర, అరచేయంత చోట పూత ఊడి ఫైబర్ దారాలు తెల్లగా కనిపించాయి. అక్కడ చప్పుడు మారింది. దారాలు కనిపిస్తే నీరు లోపలి పొరల్లోకి పోతుంది, పైన పుట్టీ రాసేస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఆ చోట ఒక ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపు వేసి ఎండలో వదిలేయండి. లోపలి వైపు చెమ్మ పట్టిందంటే ఇంకా ఆరలేదు. మాకు తొమ్మిది రోజులు పట్టింది.

రిపేరు చేసేవాళ్ళు చిల్లు అంత ముక్క కోసి అతికిస్తామంటే ఒప్పుకోకండి. చుట్టూ ఏటవాలుగా, మందానికి కనీసం పన్నెండు రెట్లు వెడల్పున గీకాలి. ఐదు మిల్లీమీటర్ల మందానికి చుట్టూ ఆరు సెంటీమీటర్లు. పాత ఫైబర్‌కి పాలియెస్టర్ రెసిన్ కంటే ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. అయితే ఎపాక్సీతో మామూలు చాప్డ్ మ్యాట్ (పొట్టి ఫైబర్ ముక్కలు అతికించి చేసిన చాప) వాడకూడదు, దాన్ని అంటిపెట్టే బైండర్ పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్‌కే కరుగుతుంది. నేసిన ఫైబర్ గుడ్డ అడగండి.

ఇంజన్ విషయంలోనే మేం దెబ్బ తిన్నాం. ఆ రాత్రే మంచి నీళ్ళతో ఫ్లష్ చేస్తే ధార మళ్ళీ వచ్చింది, ప్రొపెల్లర్ అంచు వంగితే ఆకురాయితో సరిచేశాం, ఇక అయిపోయిందనుకున్నాం. మూడు వారాల తర్వాత గేరు వేసేటప్పుడు గరగరమని చప్పుడు. చెన్నైలోని కాసిమేడు వైపు ఫిషింగ్ బోట్ల ఇంజన్లు చూసే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన గేర్ బాక్స్ కింది స్క్రూ విప్పగానే ఆయిల్ నల్లగా కాదు, పాలు ఎక్కువైన టీలా కారింది. నీళ్ళు కలిశాయన్న మాట. తర్వాత ప్రొపెల్లర్ ఊడదీసి, దాన్ని తిప్పే షాఫ్ట్ చూపించాడు. దాని చుట్టూ జుట్టులాంటి నైలాన్ వల దారం బిగుసుకుపోయి, నీళ్ళు లోపలికి పోకుండా ఆపే సీల్‌ని చాకుతో కోసినట్టు కోసేసింది. ఆ మేటలో కూరుకుపోయిన పాత వల ముక్క అది. నేను రివర్స్‌లో రేజ్ చేసినప్పుడు లోపలికి లాక్కుంది. ఆ మూడు వారాలూ ఉప్పు నీరు గేర్లని తింటూనే ఉంది. సీల్, బేరింగులు, ఒక గేరు, ఇంపెల్లర్ అన్నీ మార్చాల్సి వచ్చింది. మొదటి రోజే ప్రొపెల్లర్ తీసి చూసి ఉంటే ఒక్క సీల్‌తో పోయేది.

అందుకే మీరు ప్రొపెల్లర్ ఊడదీయకుండా వదలకండి. తీసినప్పుడే ఒక పుల్లని షాఫ్ట్ కొసకి దగ్గరగా కదలకుండా కట్టి, షాఫ్ట్‌ని చేత్తో తిప్పండి. పుల్లకీ కొసకీ మధ్య సందు మారుతుంటే షాఫ్ట్ వంగింది. నీళ్ళలో ఇంజన్ రేజ్ అయినా బోటు ముందుకి పోకపోతే ప్రొపెల్లర్ లోపలి రబ్బరు హబ్ జారుతోందని అర్థం. ఇన్సూరెన్స్ ఉంటే ఇవన్నీ విప్పక ముందే ఫోటోలు తీసి వాళ్ళకి చెప్పండి, సర్వేయర్ చూడకుండా రిపేరు చేయిస్తే క్లెయిమ్‌కి ఇబ్బంది.

గేర్ ఆయిల్ ఒక తెల్ల గిన్నెలోకి తీసి, ఎండలో పెట్టి ఫోటో తీయండి. రంగు తెల్లగా తిరిగిందేమో అనుమానంగా ఉంటే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.