'కప్‌బోర్డ్' మాటలో సిలబుల్స్ ఎన్ని? ఏ ముక్కను నొక్కి పలకాలి?

సిలబుల్స్ రెండే. నొక్కు మొదటిదాని మీద. రాతలో ఉన్న 'ప్' నోట్లోకి రాదు, 'బోర్డ్' కూడా నలిగిపోతుంది. బ్రిటన్‌లో దాదాపు 'కబడ్' అని వినిపిస్తుంది. ఇది నాకు ఏ టీచరూ చెప్పలేదు, చలి నేర్పింది.

లీడ్స్‌లో అద్దె ఇంట్లోకి దిగిన మొదటి జనవరి. రాత్రిపూట హీటర్లు చల్లబడిపోయాయి, పాపకు అప్పటికే జలుబు. ఒకటే టెన్షన్. ఓనరమ్మకు ఫోన్ చేస్తే బాయిలర్ 'ఎయిరింగ్ కబడ్'లో ఉంది, రీసెట్ బటన్ నొక్కమంది. మూడుసార్లు చెప్పించుకున్నాను. 'ఎయిర్' ఒక్కటే చెవికి తగిలింది, తర్వాతదంతా గొణిగినట్టే ఉంది. 'కప్ బోర్డా?' అని రెండు ముక్కలూ గట్టిగా నొక్కి అడిగితే ఆవిడకు నా మాట అర్థం కాలేదు. చివరికి 'తువ్వాళ్లు పెట్టుకునే చోటు' అంది. మెట్లెక్కగానే ఉన్న చిన్న తలుపు తీశాను. వేడినీళ్ల ట్యాంకు, పక్కనే బాయిలర్, పైన చెక్క అరలు. అక్కడ దుప్పట్లూ తువ్వాళ్లూ ఆ వెచ్చదనానికే ఆరతాయి.

ఆ పేరులో నాలుగు సిలబుల్స్ ఉన్నా అసలు బరువు 'ఎయిర్' మీదే. రెండు మాటలు కలిసి ఒక వస్తువుకు పేరైతే ఇంగ్లీషులో చాలావరకు మొదటి మాటనే నొక్కుతారు. 'బ్లాక్‌బోర్డ్'లో 'బ్లాక్' నొక్కితే బడిలో రాసే బోర్డు, అది ఆకుపచ్చగా ఉన్నా సరే. బరువు 'బోర్డ్' మీద పడితే నల్లగా ఉన్న ఏదో ఒక పలక.

తెలుగులో నొక్కు మారితే మాట అర్థం మారదు. గురువు, లఘువు ఉన్నాయి గానీ అవి పలికే కాలానికి సంబంధించిన లెక్క. అందుకే ఇంగ్లీషులోనూ ప్రతి అక్షరాన్నీ సమానంగా పలికేస్తాం. బడిలో స్పెల్లింగ్ వందసార్లు రాయిస్తారు, మాటను ఒక్కసారి సరిగ్గా వినిపించరు. నన్నడిగితే స్పెల్లింగ్ కంటే ముందు నొక్కు నేర్పాలి.

'కప్‌బోర్డ్' ఒకప్పుడు కప్పులు పెట్టుకునే బల్లకు పెట్టిన పేరు. అలమారాకు పేరయ్యేసరికి నోట్లో రెండు ముక్కలూ అరిగిపోయాయి. మొన్న సెలవులకు వచ్చినప్పుడు మా వంటింట్లో పని చేస్తున్న కార్పెంటర్ 'కబోర్డు' అంటే, మా అన్నయ్య 'కప్‌బోర్డ్ అనాలయ్యా' అని సరిదిద్దబోయాడు. 'ప్ వదిలేసి ఆయనే దగ్గరగా పలికాడు అన్నయ్యా' అని ఆయన ఎదుటే చెప్పాను.