ఆటిజం ఉన్న పిల్లలందరికీ ఒకే బిహేవియర్ థెరపీ ప్రణాళిక సరిపోతుందా?

సరిపోదు, నిర్ధారణ ఒకటే అయినా, ఒకేలా కనిపించే ప్రవర్తనకు ఒక్కో బిడ్డలో ఒక్కో కారణం ఉంటుంది కాబట్టి ఎవరి ప్రణాళిక వారికే వేయాలి.

అందుకే థెరపిస్టు ముందుగా మూడు విషయాలు రాసుకుంటారు: ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, ఆ వెంటనే అతనికి ఏం దక్కింది. కొన్ని రోజులు గమనిస్తే కారణం బయటపడుతుంది. సాధారణంగా అది పెద్దల దృష్టి కోసమో, కావలసిన వస్తువు కోసమో, కష్టమైన పనిని తప్పించుకోవడానికో, స్పర్శ, కదలిక వంటి అనుభూతి కోసమో అయి ఉంటుంది. ఒక్కోసారి నొప్పి, నిద్రలేమి కూడా కారణమవుతాయి. వాటిని ముందే డాక్టరుకు చూపించాలి.

ఒక బాబు, ఒక పాప పెన్సిలు విసిరేస్తున్నారనుకుందాం. బాబుకు రాయడం కష్టం. పాపకు అమ్మ తనవైపు చూడాలి. విసిరిన ప్రతిసారీ గది బయటకు పంపితే బాబుకు అది శిక్ష కాదు, రాత తప్పించిన బహుమతి. రేపు ఇంకా ఎక్కువగా విసురుతాడు. అతనికి రాత తగ్గించి, ‘కాసేపు ఆపుదాం’ అని అడిగే బొమ్మ కార్డు ఇచ్చి, అది చూపగానే నిజంగానే ఆపాలి. పాపకు అమ్మ భుజం తట్టి పిలవడం నేర్పాలి. ఎన్నిసార్లు విసిరారో రోజూ రాస్తూ, తగ్గకపోతే పద్ధతి మార్చాలి.

చాలామంది పొరపడేది లక్ష్యం దగ్గర. బిడ్డ ‘మామూలుగా’ కనిపించడమే థెరపీ అనుకుని, చేతులు ఊపడాన్నీ మాన్పించమంటారు. ఎవరికీ హాని చేయని ఆ కదలిక ఎందరో పిల్లలకు ఊరట. దాన్ని లాక్కోవడం అన్యాయం. ప్రణాళికలో ముందుండవలసినవి కావలసింది అడగడం, వద్దని చెప్పడం, సొంతంగా తినడం, దుస్తులు వేసుకోవడం.