పని ముందే ఉన్నా మొదలుపెట్టలేకపోతున్నా.. ఇది బద్ధకమేనా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 36. మాది తెనాలి. ఇంటి దగ్గరే ఉంటూ పన్నెండు షాపులకు అకౌంట్లు రాసి, జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. ఇద్దరు పిల్లలు. ఇంతకుముందు పని పెండింగ్ పెట్టే అలవాటే లేదు. రెండేళ్లుగా మాత్రం ప్రతి పనీ రేపటికి నెట్టేస్తున్నాను. 11న వేయాల్సిన జీఎస్టీఆర్-1, 20న వేయాల్సిన 3బీ చివరి రోజు రాత్రి దాకా ముట్టుకోను. రెండుసార్లు గడువు దాటి, రోజుకు 50 రూపాయల చొప్పున లేట్ ఫీజు నా డబ్బులతోనే కట్టాను. ల్యాప్‌టాప్ తెరవగానే ఒక షాపు బిల్లులు గుర్తొస్తాయి. అవి ఎప్పుడూ సరిపోవు, ఫోన్ చేస్తే ఆయన అరుస్తారు. వెంటనే మూసేసి ఫోన్ పట్టుకుంటాను, గంటన్నర తెలియకుండా పోతుంది. మా వారు బద్ధకం అంటారు. నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది. పొద్దున లేస్తూనే నీరసం, జుట్టు బాగా ఊడుతోంది, ఐదు కిలోలు పెరిగాను, నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువైంది. ఆరు నెలల కిందట డాక్టరుగారు రక్త పరీక్షలు రాశారు. అవీ చేయించుకోలేదు. ఈ వాయిదా వేసే గుణం పోవాలంటే ఏం చేయాలి?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: మీరు అడిగింది వాయిదా గురించి. నేను మాత్రం మీరు చివర్లో రాసిన మాటల దగ్గర మొదలుపెడతాను. నీరసం, జుట్టు ఊడటం, బరువు పెరగడం, నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువ కావడం.. ఈ నాలుగూ ఒకే మనిషిలో కనిపిస్తే ఏ డాక్టరైనా ముందు థైరాయిడ్ గురించి, రక్తహీనత గురించి ఆలోచిస్తారు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఒంటితో పాటు ఆలోచన కూడా మందగిస్తుంది. ఒకే లెక్కను రెండు మూడుసార్లు చూసుకోవాల్సి వస్తుంది. పైగా నెలసరిలో బ్లీడింగ్ పెరగొచ్చు. బ్లీడింగ్ పెరిగితే ఒంట్లో ఐరన్ తగ్గుతుంది. ఐరన్ తగ్గితే మళ్లీ నీరసం, ఏకాగ్రత కుదరకపోవడం. రెండూ కలిసి ఉన్న ఆడవాళ్లు మా దగ్గరికి తరచూ వస్తుంటారు. అలాంటి స్థితిలో ఉన్నవారికి టైమ్‌టేబుల్ రాసిచ్చి, తెల్లవారుజామున 5 గంటలకు లేవమని చెప్పడం అన్యాయం.

పరీక్షలు వాయిదా పడటానికి పరగడుపున వెళ్లాలన్న అనుమానం ఒక పెద్ద కారణం. పిల్లలకు క్యారేజీలు కట్టి పంపేసరికి కాఫీ తాగేసి ఉంటారు, ఇక ఆ రోజుకు అయిపోయినట్టే. అందుకే చెబుతున్నాను, సీబీసీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ బీ12 పరీక్షలకు పరగడుపున ఉండాల్సిన అవసరం లేదు. షుగర్ కోసం హెచ్‌బీఏ1సీ చేయించుకున్నా తిన్నాకే వెళ్లొచ్చు. చాలా ల్యాబ్‌లు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తున్నాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపండి. అవి థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలవు. రిపోర్టు ఎలా వచ్చినా సరే, బ్లీడింగ్ గురించి గైనకాలజిస్టును కలవండి. గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని గడ్డలు) ఉన్నాయేమో చూడాలి.

ఒకవేళ ఐరన్, థైరాయిడ్ మాత్రలు రెండూ రాస్తే, వాటి మధ్య నాలుగు గంటల తేడా ఉండాలి. ఐరన్ మాత్రను టీ, కాఫీలకు దగ్గరగా వేసుకోవద్దు, సరిగా ఒంటపట్టదు.

ఇక బద్ధకం అన్న మాట. నిజంగా బద్ధకించేవారికి పని మిగిలిపోయిందన్న బాధ ఉండదు. మీరు బాధపడుతున్నారు, సొంత డబ్బుతో జరిమానా కట్టారు, నాకు ఇంత వివరంగా రాశారు. మీరు తప్పించుకుంటున్నది పనిని అనుకుంటున్నారు గానీ, ఆ పనితో పాటు వచ్చే టెన్షన్‌ను తప్పించుకుంటున్నారు. ల్యాప్‌టాప్ మూయగానే గుండెల మీద బరువు దిగినట్టు ఉంటుంది కదా, కిటుకంతా అక్కడే ఉంది. మూస్తే హాయిగా ఉంటుందని మెదడు నేర్చుకుంటుంది. రేపు అదే పని ముందుకొస్తే ఇంకా తొందరగా మూయమంటుంది. ఇలా నెలల తరబడి సాగితే, మామూలుగా పావుగంట పట్టే పని కూడా భయపెడుతుంది.

మీ ఉత్తరంలో నాకు బాగా ముఖ్యమనిపించిన మాట ఒకటుంది. పన్నెండు షాపుల్లో మిమ్మల్ని ఆపుతున్నది ఒక్క షాపు. మిగతా పదకొండు షాపుల లెక్కలు దాని వెనక ఇరుక్కుపోయాయి. కాబట్టి ల్యాప్‌టాప్‌లో ఆ షాపు ఫోల్డర్‌ను వేరుగా పెట్టి, పదకొండింటిని ముందు ముగించండి. తేలికైన దానితో మొదలుపెట్టడం తప్పేమీ కాదు. కష్టమైనదే ముందు చేయాలని చాలామంది చెబుతారు. ఒంట్లో శక్తి ఉన్నవారికి ఆ సలహా సరిపోతుందేమో, ఇప్పుడు మీకు సరిపోదు. అరిచే ఆయనకు ఫోన్ చేయడం మానేసి, తేడా ఉన్న బిల్లుల నంబర్లు వాట్సాప్‌లో పంపండి. ‘ఇవి 16వ తేదీలోగా సరిచేసి పంపితేనే 20లోపు రిటర్న్ వేయగలను’ అని ఒక్క వాక్యం చాలు. అప్పటికీ మారకపోతే ఆ షాపు లెక్కలు వదిలేయడం గురించి ఇంట్లో మాట్లాడుకోండి. ఆరోగ్యం పాడుచేసుకుని నిలబెట్టుకోవాల్సిన రాబడి కాదది.

రేపటి నుంచి రోజూ రెండు గంటలు పని చేస్తానన్న తీర్మానాలు పెట్టుకోకండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేయాలో ముందే కచ్చితంగా అనుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో దీని గురించి రాశారు, ఆ తర్వాత ఎన్నో పరిశోధనల్లో అది ఉపయోగపడుతుందని తేలింది. మీ ఇంటి లెక్కలో ఇలా ఉండొచ్చు: ‘పిల్లలు స్కూలు బస్సు ఎక్కగానే ఇంట్లోకి వచ్చి, ఫోన్ వంటింట్లో ఛార్జింగ్ పెట్టి, ఒక షాపు ఫైల్ తెరిచి మొదటి ఐదు బిల్లులు ఎక్కిస్తాను’. ఐదు బిల్లులే. అక్కడ ఆపేసినా ఆ రోజు పని చేసినట్టే లెక్క. చాలా రోజులు మీరు ఆపరు, ఎందుకంటే కష్టమంతా మొదలుపెట్టడంలోనే ఉంటుంది. ఫోన్ వేరే గదిలో ఉండటం మాత్రం తప్పనిసరి. పక్కనే పెట్టుకుని చూడకుండా ఉంటానంటే కుదరదు.

ఏ రోజైనా మళ్లీ వాయిదా పడితే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఈ మాట ఓదార్పు కోసం చెప్పడం లేదు. కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో విద్యార్థుల మీద చేసిన పరిశోధన 2010లో వచ్చింది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవారు, రెండో పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. తిట్టుకుంటే పని మీద భయం ఇంకాస్త పెరుగుతుంది. మనం చిన్నప్పటి నుంచి ‘ఆలస్యం అమృతం విషం’ అని వింటూ పెరిగాం. ఇప్పటికే కుమిలిపోతున్నవారికి ఆ మాట చెబితే కుమిలిపోవడం పెరుగుతుంది, పని మాత్రం జరగదు.

మీ వారికి ఈ జవాబు చూపించండి. అయ్యా, బద్ధకం అన్న మాట ఇంట్లో వాడకండి. ఇంటి దగ్గర ఉండి పని చేసేవారిని ఖాళీగా ఉన్నట్టు చూడటం మనకు అలవాటైపోయింది. గ్యాస్ సిలిండర్ వచ్చినా, చుట్టాలొచ్చినా, పిల్లాడికి జ్వరం వచ్చినా లేవాల్సింది ఆవిడే. రోజులో పదిసార్లు తెగిపోయే పనిని వాయిదా అనకూడదు. 15 నుంచి 20వ తేదీ వరకు రోజుకు రెండు గంటలు ఆవిడను ఎవరూ పిలవకుండా చూడండి. చివరి రోజు రాత్రంతా కూర్చునే పద్ధతి ఆగాలి. ఆ ఒక్క రాత్రి నిద్ర లేకపోతే తర్వాతి రెండు మూడు రోజులు ఏ పనీ సాగదు, పెండింగ్ మళ్లీ పెరుగుతుంది.

ఈ మధ్య రీల్స్ చూసి తమకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) ఉందేమోనని చాలామంది అడుగుతున్నారు. ఆ సమస్య లక్షణాలు 12 ఏళ్ల లోపే కనిపిస్తాయి. మీకు మొదలైంది రెండేళ్ల కిందటే కాబట్టి, ముందు చూడాల్సింది అది కాదు. మనసు సంగతి మాత్రం చూసుకోవాలి. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్రలో, ఆకలిలో తేడా, ‘నేను ఎందుకూ పనికిరాను’ అన్న ఆలోచన ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. డిప్రెషన్‌లోనూ పనులు ఇలాగే ఆగిపోతాయి. దానికి మంచి చికిత్స ఉంది, సైకియాట్రిస్టును కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా ఇంట్లో చెప్పి ఆస్పత్రికి వెళ్లండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది ఒక్కటే. ఇది చదవడం అయ్యాక, ఫోన్ పక్కన పెట్టకముందే ల్యాబ్‌కు కాల్ చేసి, రక్తం తీయడానికి ఇంటికి రమ్మనండి. జీఎస్టీ పని మార్చుకోవడం వచ్చే నెల నుంచైనా ఫర్వాలేదు. రిపోర్టు వచ్చాక మీ డాక్టరుగారికి చూపించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువున్నా, టీఎస్‌హెచ్ ల్యాబ్ ఇచ్చిన పరిమితి దాటినా ఆ అంకెలు, వాడుతున్న మందుల పేర్లు రాసి మాకు మళ్లీ పంపండి.