ఐలమ్మ బొమ్మలు వేస్తున్న బిడ్డకు

హన్మకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రాజెక్టు పత్రాన్నీ, దానికి జతచేసిన కచ్చా బొమ్మలనూ నింపాదిగా చూశాను. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలిచి, చాకలి ఐలమ్మగా పేరొందిన చిట్యాల ఐలమ్మ జీవితాన్ని పన్నెండు పలకల్లో మిక్స్‌డ్ మీడియాలో చెప్పాలన్న ఆలోచన మంచిదే. నీ గీతలో బలం ఉంది. అయితే నువ్వు రాసుకున్న సామాగ్రి జాబితా నన్ను కొంత కలవరపెట్టింది. వాటర్ కలర్, బొగ్గు, పత్రికల ముక్కలు, ఇత్తడి రేకు, జనపనార, రంగు దారాలు, టీ డికాషన్‌లో ముంచి అంచులు కాల్చిన కాగితం, ఇవన్నీ ఒకే పూటలో ఒకే దుకాణంలో ఏరుకొచ్చినట్టున్నాయి. కాగితాన్ని టీలో ముంచితే పాతకాలం వస్తుందనే నమ్మకం నేను బడిలో డ్రాయింగ్ చెప్పే రోజుల నుంచీ ఉంది, ఇంకా పోలేదు. ఐలమ్మ చేతికి నిత్యం ఏవి తగిలాయో ముందు తెలుసుకొని, వాటిలో మూడింటినో నాలుగింటినో నీ మాధ్యమంగా తీసుకొమ్మని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట ఆమె వయసు సంగతి చూడు. ఆమె 1895లో ఇప్పటి రాయపర్తి మండలం కృష్ణాపురంలో పుట్టి, పాలకుర్తికి కోడలిగా వచ్చి, 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. మల్లంపల్లి భూస్వామి దగ్గర కౌలుకు తీసుకున్న భూమిలో పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తల తోడుతో ఇంటికి చేర్చుకునే నాటికి ఆమె యాభై ఏళ్లకు అటూ ఇటూగా ఉంది. నీ మూడో పలకలో ఆమె పాతికేళ్ల యువతిగా, ఏడో పలకలో మనం ఫోటోల్లో చూసే నెరిసిన జుట్టు ముసలమ్మగా కనిపిస్తోంది. ఈ రెండింటికీ నడుమ జరగవలసిన కాలమే కొన్ని నెలలు. ఎండలో, నీళ్లలో పని చేసిన యాభై ఏళ్ల స్త్రీ మెడ, మోచేయి, మడమ ఎలా ఉంటాయో మీ ఊరి చెరువు దగ్గరో వరి కోతల్లోనో అడిగి, కూర్చొని స్కెచ్ చేసుకో. స్త్రీ శక్తి సంఘటన 1980లలో తెచ్చిన పోరాట స్త్రీల అనుభవాల సంకలనంలో ఐలమ్మ తన నోటితో చెప్పుకున్న కథనం ఉంది. దాన్ని చదవకుండా ఇంకొక్క గీత కూడా గీయవద్దు, ఎందుకంటే నువ్వు ఇప్పుడు ఆధారపడుతున్నవి చాలావరకు విగ్రహాలూ పోస్టర్లూ మాత్రమే.

ఇక గుడ్డ విషయానికి వస్తాను, ఎందుకంటే ఈ ప్రాజెక్టుకు ప్రాణం అక్కడే ఉంది. నువ్వు ఆర్ట్ దుకాణంలో కొన్న కాన్వాసును పక్కన పెట్టి, ఇంట్లో ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడిన నూలు పంచెనో చీరనో తీసుకో. కొత్త మిల్లు గుడ్డకు పెట్టిన గంజి రంగును లోపలికి దిగనివ్వదు. పాత గుడ్డ నీటిని వెంటనే పీల్చుకుంటుంది, సిరా దారాల వెంట పాకుతుంది. చౌడు నీళ్లలో నానేసి, బాన మీద ఉడకబెట్టి, బండకేసి ఉతికిన గుడ్డకు ఉండే ఆ స్వభావమే నీ బొమ్మలో కనిపించాలి. గీత పదునుగా నిలవాలనుకున్న చోట పలుచని బియ్యపు గంజి ఒక పూత పూసి ఆరనివ్వు, రంగు వ్యాపించాలనుకున్న చోట వదిలెయ్యి. ముఖానికీ చేతులకూ గంజి పూసి, ఆకాశాన్నీ చెరువునూ ఉత్త గుడ్డ మీద వదిలితే, ఒకే సిరాతో రెండు రకాల గీతలు వస్తాయి. గుడ్డను అట్టకు అతికించడానికి ఫెవికాల్ వాడకు, ఆరిన తర్వాత గుడ్డ తోలులా బిగుసుకుపోతుంది. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు వాడే మైదా జిగురు చాలు. పురుగు పట్టకుండా వాళ్లు అందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు, అది విషం కాబట్టి తిండి వండే గిన్నెలో మాత్రం కాచవద్దు.

ఏ ఇంటి గుడ్డ ఏదో తెలియడానికి చాకలివారు పూర్వం నల్లజీడి గింజల రసంతో గుడ్డ మూలన చిన్న గుర్తు వేసేవారు. చుక్కలు, అడ్డగీతలు, కొక్కేలు కలిసిన ఆ గుర్తులు ఎన్ని ఉతుకులకైనా చెరిగేవి కావు. నీ పన్నెండు పలకల్లోనూ ఒక మూలన అలాంటి గుర్తు ఉంటే, ఊరంతటి ఇళ్ల గుట్టు ఆమె చేతిలో ఉన్న సంగతి మాట లేకుండానే తెలుస్తుంది. దేశ్‌ముఖ్ ఇంటి గుడ్డకు ఒక గుర్తు, పటేలు ఇంటికి ఒకటి, పేద కాపు ఇంటికి ఒకటి పెట్టి చూడు. అయితే నిజమైన జీడి రసం ముట్టుకోకు, అది తగిలిన చోట చర్మం బొబ్బలెక్కుతుంది, కొందరికి ముఖం కూడా వాస్తుంది. నల్ల డ్రాయింగ్ సిరాను పుల్లతో ముంచి వేస్తే చాలు.

రంగుల్లో కూడా ఇదే పొదుపు పాటించాలి. పాలకుర్తి వైపు చలక నేలల ఎర్రమట్టిని నీళ్లలో కలిపి, ఇసుక అడుగుకు దిగాక పైనున్న బురద నీటిని పలుచని గుడ్డలో వడగట్టి ఆరబెట్టు. ఆ పొడిని తుమ్మ బంక నీటితో నూరితే మంచి రంగు అవుతుంది. రెండో రంగు బట్టలకు పెట్టే నీలిమందు. అన్ని నీలిమందులూ ఎండకు నిలవవు కాబట్టి ఒక గుడ్డ పీలిక మీద పూసి, సగం అట్టతో మూసి, డాబా మీద కొన్ని రోజులు ఉంచి చూసి, రంగు దిగని దాన్నే ఎంచుకో. మూడోది నలుపు. జెండా ఎరుపు మాత్రం పన్నెండింటిలో ఒకటి రెండు చోట్లకు మించకూడదని నా గట్టి అభిప్రాయం; నీ కచ్చా బొమ్మల్లో ప్రతి పలకలోనూ అది ఉండటంతో మట్టి ఎరుపుకూ జెండా ఎరుపుకూ తేడా లేకుండా పోయింది.

చేర్యాల పటచిత్రాల నకాశీ పద్ధతిలో ముఖాలు వేయాలన్న నీ ఆలోచనకు నేను ఒప్పుకోను. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పూతలు వేసి సిద్ధం చేయడాన్ని, పటాన్ని అడ్డపట్టీలుగా విడగొట్టి కథను పైనుంచి కిందికి నడిపించడాన్ని వాళ్ల దగ్గర నేర్చుకో. అది ఈ నేల కథ చెప్పే తీరు, నీకు ఎంతో ఉపయోగపడుతుంది. ఆ పెద్ద కళ్లు, ఆ నిండు ఎరుపు నేపథ్యం మాత్రం పురాణ పాత్రలకు పుట్టినవి. వాటిని ఐలమ్మకు తొడిగితే ఆమె మనిషి కాకుండా దేవత అయిపోతుంది. అలాగే పెద్ద బొట్టు, నిండు పసుపు ముఖం వేస్తే చూసినవారికి ఐలమ్మ కంటే ముందు చిత్రకారుడు తోట వైకుంఠం గారు గుర్తొస్తారు. తెలంగాణ పల్లె పనిని కాపు రాజయ్య గారు ఎలా గీశారో చూడు, అనుకరించడానికి కాదు, వంగిన నడుమును ఎక్కడి నుంచి మొదలుపెట్టారో గమనించడానికి.

కొలాజ్‌లో వాడటానికి నువ్వు ఇంటర్నెట్‌లో తీసుకున్న ఉర్దూ కాగితాలు దేనివో నీకు తెలుసా? నిజాం కాలపు రెవెన్యూ వ్యవహారం ఉర్దూలో నడిచింది కనుక ఆ లిపి పలకలో ఉండటం న్యాయమే, కానీ అందులో ఏముందో చదివించుకోకుండా అతికించకూడదు. పెళ్లి పత్రికను పహాణీ, అంటే భూమి లెక్కల కాగితం, అనుకొని అతికిస్తే చదవగలిగినవాళ్లు నవ్వుతారు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కాలేజీ ఉత్తరంతో అనుమతి అడిగి, నకలు తీసుకొని, పెద్దవాళ్లెవరితోనైనా చదివించుకో. అసలు కాగితం ఎవరైనా ఇచ్చినా జిగురు పూయకు, స్కాన్ చేసిన నకలునే వాడు. పటం వేసేటప్పుడు ఇప్పటి జిల్లాల సరిహద్దులు పెట్టవద్దు; ఆనాడు జనగామ నల్లగొండ జిల్లాలో తాలూకా.

పంట మోసే పలకే మొత్తానికి నడుమ నిలవాలి. నువ్వు అందులో ఐలమ్మను ముందు నిలబెట్టి, కర్ర ఎత్తించి, మిగతావారిని నీడలుగా వేశావు. ఆ రోజు వడ్లు ఇంటికి చేరింది చాలామంది తలల మీద, భుజాల మీద. ఒక పొడుగాటి అడ్డ పట్టీ తీసుకొని, కళ్లం నుంచి ఇంటి గడప వరకు మూటల వరుసను నడిపించి, ఐలమ్మను ఆ వరుసలో మోసేవారిలో ఒకతెగా పెట్టి చూడు; ఆమె గుడ్డకు మాత్రమే నీలిమందు తగిలిస్తే చూపు ఆమెను తనంతట తానే వెతుక్కుంటుంది. గింజలు నిజంగా అతికించాలనుకుంటే ఊక వాడు, వడ్లకు పురుగు పడుతుంది. ఆమె ఇంటి మీద దేశ్‌ముఖ్ మనుషులు చేసిన దాడిని మాత్రం బొమ్మగా వేయవద్దు. పటం వరుసలో ఆ చోట ఉతికిన ఉత్త గుడ్డను, మూలన ఆమె ఇంటి గుర్తుతో, అలాగే వదిలిపెట్టు. చూసేవారిలో చాలామందికి ఆమె పేరు కొత్త కాదు, 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరే పెట్టారు కదా, ఖాళీ ఎందుకుందో వాళ్లే అడిగి తెలుసుకుంటారు.

అచ్చుకు ఇచ్చేటప్పుడు స్కానర్ మీద పెట్టకు, ఎత్తుపల్లాలు మసకబారతాయి. పక్కనుంచి ఒకే వెలుతురు పడేలా పెట్టి ఫోటో తీయించు. చట్రంలో అద్దానికీ గుడ్డకూ నడుమ సన్నని చెక్క పట్టీ వేయించు.

ముందు పాలకుర్తి వెళ్లి, ఆమె కుటుంబీకులను కలిసి, ఏం చేస్తున్నావో చెప్పి, వాళ్లు ఫోటోలు వాడుకోవడానికి ఒప్పుకుంటే ఆ ఒప్పుదలను కాగితం మీద రాయించుకో. బతుకమ్మ సెలవులకు వచ్చేటప్పుడు పంట పలక కచ్చా ప్రతినీ, ఎండలో పెట్టిన నీలి పీలికలనూ వెంట తెచ్చుకో. సుద్దమట్టి నా దగ్గర ఉంది, కొనవద్దు.

ఇట్లు,
మీ పెద్దబాపు